కొల్లేరుకు ఎన్ని టీఎంసీలు కావాలి?

మీరు అడిగింది ఇదీ: మీది కైకలూరు వైపు ఒక లంక గ్రామం. ఏప్రిల్, మే నెలల్లో ఊరి చుట్టూ కొల్లేరు ఎండిపోతోంది, మిగిలిన కాస్త నీరూ ఉప్పెక్కుతోంది. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి అదే కొల్లేరు రోడ్డెక్కి ఊరిని విడదీస్తోంది. గ్రామసభలో తీర్మానం చేసి కలెక్టరుగారికి అర్జీ ఇవ్వాలనుకుంటున్నారు. అందులో "కొల్లేరుకు ఏటా ఇన్ని టీఎంసీలు కేటాయించాలి" అని రాయడానికి అంకె కావాలి.

నేను డెల్టా మురుగు కాలువల పని మీద 31 ఏళ్ళు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అంకె చెప్తాను, కింద లెక్క కూడా కట్టి చూపిస్తాను. కానీ అర్జీలో ఆ ఒక్క అంకే రాస్తే అది మీకే అడ్డం తిరుగుతుంది. ఒక్క పెద్ద వాన వారంలో ఆ అంకెకు ఎన్నో రెట్ల నీరు కొల్లేట్లోకి వచ్చి పడుతుంది. "మీరడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాం కదా" అని కాగితం మీద రాసి ఫైలు మూసేస్తారు. మే నెలలో మీ చెరువు నెర్రెలు తీసే ఉంటుంది. మీరు అడగాల్సింది నీటి మొత్తం కాదు. ఏ నెలలో మట్టం ఎక్కడ ఉండాలి, ఎంత నెమ్మదిగా దిగాలి అన్నది అడగాలి.

ముందు కాంటూరు మాట. మీ ఊళ్ళో అందరూ మూడో కాంటూరు, ఐదో కాంటూరు అంటుంటారు. అది నీటి లోతు కాదు, సముద్ర మట్టం నుంచి అడుగుల్లో ఎత్తు. పాత లెక్కల ప్రకారం నీరు +3 దాకా ఉంటే కొల్లేరు విస్తీర్ణం 135 చదరపు కిలోమీటర్లు. +5 దగ్గర 308. +7 దగ్గర 673. +10 దగ్గర 901. రెండడుగులు పెరిగితే నీరు పరుచుకునే నేల రెట్టింపు పైనే. అంత చదునైన పళ్ళెం అది. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది +5 లోపలి నేలను. 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరింది +10 దాకా ఉన్న 90,100 హెక్టార్లు. ఈ తేడా మీ వాళ్ళందరికీ తెలియాలి, ఎందుకంటే ఏ శాఖ ఏ గీత దాకా మాట్లాడుతుందో దీన్ని బట్టే ఉంటుంది.

ఇప్పుడు లెక్క. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు పారుదల. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. 135 చదరపు కిలోమీటర్ల మీద ఒక అడుగు నీరంటే సుమారు 1.45 టీఎంసీ. 308 చదరపు కిలోమీటర్ల మీద అయితే 3.3 టీఎంసీ. +3 నుంచి +5 దాకా నిండాలంటే మధ్య విస్తీర్ణం తీసుకుంటే 4.8 టీఎంసీలు పడతాయి. +5 నుంచి +7 దాకా మరో 10.6.

వేసవిలో మన దగ్గర ఎండకు, గాలికి రోజుకు ఏడు మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుందనుకోండి. +3 విస్తీర్ణం మీద అది దాదాపు 390 క్యూసెక్కులు రోజంతా పారినంత. ఎవరూ తోడకపోయినా, కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరులోకి ఒక్క చుక్క పోకపోయినా, ఎండ ఒక్కటే నెలకు ఒక టీఎంసీ తాగేస్తుంది. ఏప్రిల్ 1 నుంచి జూన్ 15 దాకా 76 రోజులు. వాన పడకపోతే 53 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర దాటి దిగిపోతుంది.

ఏప్రిల్ 1న మట్టం +3.5 దగ్గర ఉందనుకుందాం. జూన్ నడిమికి +2.5 కంటే కిందికి పోకూడదనుకుందాం. ఒక అడుగు కొల్లేరే భరిస్తుంది. మిగతా ముప్పావు అడుగుకు బయటి నుంచి ఒక టీఎంసీ రావాలి. 76 రోజులకు పంచితే ఆగకుండా 150 క్యూసెక్కుల పారుదల. ఉప్పును కిందికి నెట్టడానికి ఉప్పుటేరులోకి కొంచెం పారుదల ఉంచాలంటే దానికి పైన ఇంకొంత. మీరడిగిన అంకె ఇదే: వేసవిలో ఒకటి నుంచి రెండు టీఎంసీలు. కొల్లేరుకు నిజంగా బయటి నుంచి తెచ్చి ఇవ్వాల్సింది ఇంతే. మిగతా పది నెలలదీ వచ్చిన నీటిని ఎక్కడ నిలపాలి, ఎలా వదలాలి అన్న గొడవే.

ఆ పది నెలల సంగతి చాలామందికి పట్టదు. అందుకే అక్కడే కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వాటితో పాటు పోల్‌రాజు, చంద్రయ్య లాంటి డ్రెయిన్లు. ఇవన్నీ వచ్చి కొల్లేట్లో పడతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు. వరద వచ్చినప్పుడు లోపలికొచ్చే నీటిలో కొంత భాగమే అది మోయగలదు. మిగతాది కొల్లేరు తన ఒంటి మీద పరుచుకుని, రోజుల తరబడి వదులుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు ఆ నీరంతా చివరికి చేరవలసింది కూడా కొల్లేటికే. కొల్లేరు పక్కన పరుచుకునే చోటు లేకుండా చేసుకుంటూ పోతే ఆ నీరు వెనక్కి నిలబడుతుంది. మీ ఊరి రోడ్డు మీద చూస్తున్నది అదే.

జూన్, జూలైల్లో మొదటి ఎర్రనీరు దిగినప్పుడు మీ ఊరి పెద్దవాళ్ళు ఏం చేసేవాళ్ళో అడగండి. చేప ఏరెక్కుతుందని మావులు, అంటే చేపలు పట్టే బుట్టలు పట్టుకుని డ్రెయిన్ల నోళ్ళ దగ్గర కూర్చునేవాళ్ళు. కొత్త నీటి వాసన తగలగానే కొర్రమీను, మట్టగిడస, జెల్ల, పరిగె అన్నీ లోతు వదిలి అంచులకు, కొత్తగా మునిగిన గడ్డి నేలలకు పరుగెత్తుతాయి. గుడ్లు పెట్టేది అక్కడే. కొర్రమీను మోకాలి లోతు నీటిలో గడ్డి పక్కకు తోసి గూడు చేసుకుంటుంది. గుడ్లు నీటి మీద తేలుతుంటాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. ఆ తర్వాత కొన్ని వారాలు ఆ ఎర్రటి పిల్లల గుంపు వెంట తల్లీతండ్రీ కాపలా తిరుగుతాయి. ఆ మోకాలి లోతు నీరు ఎక్కడుంటుంది? +3కీ +5కీ మధ్య ఉన్న పట్టీలో. కొల్లేరు పురిటిల్లు అదే. చేపల చెరువుల గట్లు ఎక్కువగా లేచిందీ ఆ పట్టీలోనే.

2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో +5 లోపల గట్లు తెగ్గొట్టినప్పుడు చాలామంది దాన్ని ఆక్రమణల గొడవగానే చూశారు. భూమి లెక్క అందులో ఉంది, నిజమే. చిన్న రైతులు, కూలీలు నలిగిపోయిన మాటా నిజమే, వాళ్ళ బాధ నేను దగ్గర నుంచి చూశాను. కానీ నీళ్ళ వైపు నుంచి చూస్తే గట్టు చేసే పని ఒకటుంది. గట్టుకు అటు పక్క ఏడాది పొడవునా ఒకే లోతు, ఇటు పక్క వరదకు ఇరుకు. నీరు పెరిగి తరిగే చోటు పోతుంది. అంకెల్లో కొల్లేరులో నీరు అంతే ఉన్నట్టు కనిపిస్తుంది, చేప గుడ్డు పెట్టే చోటు మాత్రం ఉండదు.

ఎంత నీరు అన్నదానికంటే ఎంత నెమ్మదిగా అన్నది నాకు అర్థమైన రోజొకటి ఉంది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. డెల్టాలో ఒక మురుగు కాలువ కింద పల్లపు భూములు మునిగి ఉన్నాయి. రైతులు టెన్షన్‌లో ఉన్నారు, నాట్లు కుళ్ళిపోతాయని. నేను తలుపులన్నీ ఒకేసారి ఎత్తించేశాను. రాత్రికి రాత్రి అడుగు పైనే దిగింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే గడ్డి మడుగుల్లో కొర్రమీను పిల్లలు లక్షల్లో బురదకు అతుక్కుని చచ్చిపడి ఉన్నాయి. మావులు పెట్టుకునే ఒక పెద్దాయన అక్కడ నిలబడి, "తీయొద్దని ఎవరన్నారు బాబూ, రెండు రోజులు పట్టనిస్తే వాటి దారిన అవి దిగిపోయేవిగా" అన్నాడు. రైతుల నాట్లకు ఆ రెండు రోజుల్లో వచ్చే నష్టమేమీ లేదు. నేను తొందరపడ్డాను, అంతే. ఆ రోజు నుంచి తలుపు ఎత్తేటప్పుడు ఎన్ని అంగుళాలు, ఎన్ని గంటల్లో అని రాసుకోవడం అలవాటైంది.

అందుకని మీ అర్జీలో ఒక్క మాట తప్పకుండా పెట్టండి: ఏడు నుంచి ఐదుకు వేగంగా, ఐదు నుంచి మూడుకు నెమ్మదిగా. +5 పైన నిలిచే నీరు ఊళ్ళను, రోడ్లను, పొలాలను ముంచే నీరు. దాన్ని ఎంత త్వరగా తీస్తే అంత మంచిది. ఉప్పుటేరులో పదివేల క్యూసెక్కులు పోతున్నాయనుకుని లెక్క వేస్తే, పైనుంచి కొత్త నీరు రాకపోయినా +7 నుంచి +5కు దిగడానికి 12 రోజులు పడుతుంది. వరద సాగుతుంటే ఇంకా ఎక్కువ. కానీ +5కు వచ్చాక అదే వేగంతో వదిలేస్తే ఐదున్నర రోజుల్లో +3కు వచ్చేస్తుంది. పిల్లలు, గూళ్ళు, నారు, అన్నీ బురదలో. అక్కడ వేగం తగ్గాలి. సార్వా వరద తర్వాత +5 దగ్గర కనీసం నలభై రోజులు నిలిపి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రోజుకు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున దించితే మార్చికి +3.5 దగ్గరికి వస్తుంది. చలికాలం ఎండకు ఆవిరయ్యేదే ఇంచుమించు అంత. అంటే ఆ నాలుగు నెలలూ లోపలికి ఎంత వస్తే అంతే బయటికి వదలాలన్నమాట. అటపాక దగ్గర గూళ్ళు కట్టుకునే గూడబాతులకు, మనవాళ్ళు పెలికాన్లంటున్నారే, వాటికి చుట్టూ నీళ్ళుండాల్సిందీ ఆ నెలల్లోనే.

నలభై రోజులు, నాలుగు మిల్లీమీటర్లు అన్నవి నా అనుభవం మీద వేసిన అంకెలు. మీరు మీ ఊరి రీడింగులతో సరిదిద్దుకోండి. ఎలాగో కింద చెప్తాను.

ఇక ఉప్పు. మన తీరంలో పెద్ద పోటు రోజుల్లో పోటుకూ పాటుకూ తేడా మీటరు పైచిలుకు. అంటే పోటు మీద సముద్రం తన సగటు మట్టం కంటే రెండడుగులు లేస్తుంది. కొల్లేరు +3 దగ్గర ఉంటే పైచేయి కొల్లేరుదే, నీరు అటే పారుతుంది. +2 కిందికి దిగిందా, పోటు వచ్చినప్పుడల్లా ఉప్పుటేరు వెనక్కి పారుతుంది. మీ పెద్దలు ఉప్పు ఎగదన్నింది అనేది దాన్నే. నేను +2.5 అని గీత గీసింది ఇందుకే. ఆ అర అడుగు మీకూ సముద్రానికీ మధ్య గోడ.

ఇక్కడే ఒక ఇరకాటం ఉంది. వరద రాగానే అందరూ అడిగేది ఉప్పుటేరు పూడిక తీయమని. తీయాలి, కిక్కిస, గుర్రపుడెక్క పేరుకుపోయి దారి మూసుకుపోతోంది. కానీ లోతు చేసిన కాలువ రెండు వైపులా పారుతుంది. వరదలో నీటిని త్వరగా బయటికి పంపినట్టే, మే నెలలో ఉప్పును త్వరగా లోపలికి తెస్తుంది. పూడిక తీత అడిగేవాళ్ళు అదే కాగితం మీద వేసవి ఉప్పుకు అడ్డుకట్ట కూడా అడగాలి. లేకపోతే వరద బాధ పోయి ఉప్పు బాధ పట్టుకుంటుంది.

ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్ళుగా ఉంది. నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ "రెగ్యులేటర్ కట్టి ఏడాదంతా +5 దగ్గర నిలిపేయండి" అని మీ తీర్మానంలో రాయబోతున్నారని మీ ప్రశ్నలో కనిపించింది. దయచేసి రాయకండి. ఎప్పుడూ నిండుగా ఉండే కొల్లేరు ఎండిపోయే కొల్లేరంత చెడ్డది. అంచు నేల వేసవిలో బయటపడి ఎండాలి, నెర్రెలు తీయాలి. ఏడాది పొడవునా అడుగున చేరిన కుళ్ళు గాలి తగిలి అప్పుడే మగ్గుతుంది. తొలి వానకు ఆ సత్తువే నీళ్ళలోకి వచ్చి నాచుకు, పురుగుకు, చేప పిల్లకు తిండవుతుంది. పశువులు మేసేది ఆ నేలమీదే. నత్తగుల్ల కొంగలు, ఉల్లంకులు తిరిగేది ఆ బురద అంచునే. పాతకాలంలో ఆ అంచుల్లో దాళ్వా పండించుకున్న కుటుంబాలు మీ ఊళ్ళో ఉండే ఉంటాయి. ఒకే మట్టం దగ్గర నిలిపిన నీటిలో బాగా పెరిగేవి రెండే, గుర్రపుడెక్క, తూటికాడ. +5 దగ్గర ఏడాదంతా నిలపాలంటే వేసవి ఆవిరికే ఆగకుండా 880 క్యూసెక్కులు పోయాలి. కాలువలు కట్టేసిన నెలల్లో అన్ని నీళ్ళు ఎవరిస్తారు? ఇవ్వలేనిది అడిగితే ఇవ్వగలిగిందీ రాదు.

రెగ్యులేటర్ వస్తే దాని తలుపులు ఎప్పుడు మూయాలి, ఎప్పుడు ఎత్తాలి అన్న నియమాలు ముందే రాయించుకోండి. వేసవి పోటుకు మూత, తొలి ఎర్రనీటికి పూర్తిగా తెరుపు, సముద్రం వైపు నుంచి ఎక్కే చేపకు, రొయ్యకు దారి. ఆ దారి మాట తేలిగ్గా తీసుకోకండి. గోదావరి పులస సంగతి మీకు తెలిసిందే. సముద్రంలో విలసగా ఉండేది ఎర్రనీరు తగలగానే ఏరెక్కి పులస అవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి దాని ప్రయాణం అక్కడితో ఆగింది. ఆ ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది, అందులో అనుమానం లేదు. ఆనకట్ట దాటి చేప పైకి ఎక్కడానికి కట్టే చేప మెట్టు గురించి ఆ రోజుల్లో పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు మనకు తెలుసు కాబట్టి పట్టించుకోవాలి.

నీటి నాణ్యత గురించి పొట్టిగా చెప్తాను, ఎందుకంటే ఇది మీకు నాకంటే బాగా తెలుసు. పట్టణాల మురుగు, పొలాల మందులు, చెరువుల నీరు అన్నీ డ్రెయిన్లలోనే వస్తాయి. అందులో మీరు పట్టుకోవాల్సింది చెరువులు ఖాళీ చేసే సమయం. పట్టుబడి అయ్యాక మేత, పెంట కలిసిన నీటిని వదిలేది ఎక్కువగా కొల్లేరు అడుగంటి ఉన్నప్పుడే. అదే నీరు ఆగస్టులో వదిలితే పలచబడిపోతుంది, మే నెలలో వదిలితే మీ ఊరి బావుల దాకా వస్తుంది. వేసవికి అడిగే ఆ ఒకటి రెండు టీఎంసీలూ మంచి కాలువ నీరై ఉండాలని అర్జీలో విడిగా రాయండి. లేకపోతే డ్రెయిన్ నీటినే లెక్కలో చూపిస్తారు.

"ప్రవాహంలో ఇంత శాతం నదికి వదలాలి అని ఎక్కడో రూలు ఉందట, అది మనకు వర్తిస్తుందా" అని కూడా అడిగారు. మీరు విన్నది రెండింటిలో ఒకటై ఉంటుంది. 1976లో అమెరికాలో టెనెంట్ అనే ఆయన ఏటి సగటు ప్రవాహంలో 10 శాతం ఉంటే చేప ఏదో ప్రాణం నిలుపుకుంటుంది, 30 శాతం ఉంటే బాగుంటుంది అని ఒక కొలత పెట్టాడు. లెక్క తేలిక కాబట్టి ప్రపంచమంతా పాకింది. రెండోది మన కేంద్ర ప్రభుత్వం 2018 అక్టోబరులో గంగకు ఇచ్చిన నోటిఫికేషన్. హరిద్వార్ ఎగువన నవంబరు నుంచి మార్చి దాకా 20 శాతం, అక్టోబరు, ఏప్రిల్, మే నెలల్లో 25, జూన్ నుంచి సెప్టెంబరు దాకా 30 వదలాలి అన్నారు. అది గంగకే. కొల్లేటికి శాతం పనికిరాదు, ఎందుకంటే ఇక్కడ కొలవాల్సింది పారే నీరు కాదు, నిలిచే మట్టం. అయినా గంగ నోటిఫికేషన్లో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. నెలను బట్టి అంకె మారింది. ప్రభుత్వమే ఒక నదికి నెలవారీ లెక్క ఒప్పుకుంది కదా, మా సరస్సుకూ నెలవారీ లెక్క ఇవ్వండి అని అడగొచ్చు.

ఇంకో ఆధారం కూడా చెప్తాను, ఇది వింటే పెద్దలకు వెంటనే ఎక్కుతుంది. కృష్ణా నీటిని రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఆ నదిలో 2,060 టీఎంసీల నికర జలాలను మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 అని పంచింది. కూడి చూడండి, సరిగ్గా 2,060. నదికంటూ విడిగా ఒక వాటా ఆ పంపకంలో లేదు. తాగునీటికి, పంటకు, కరెంటుకు అడిగేవాడున్నాడు, చేపకు అడిగేవాడు లేడు. దక్షిణాఫ్రికా 1998 నీటి చట్టం ఈ వరస మార్చింది. మనుషుల కనీస అవసరానికి, నది బతకడానికి కావాల్సిన నీటిని ముందు పక్కన పెట్టి, మిగిలిందే పంచుకోవాలని రాసుకున్నారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. కాబట్టి అడిగేవాడి స్థానంలో మీ గ్రామసభ కూర్చుంటోంది. నేను ఇంత పొడుగ్గా రాస్తున్నదీ అందుకే.

ఇప్పుడు పని. అర్జీకి ముందు మీ చేతిలో మీ సొంత రీడింగులు ఉండాలి. పడవల రేవు దగ్గర, ఎండినా నీళ్ళుండే చోట ఒక సిమెంటు స్తంభం పాతించి అడుగులు, అంగుళాలు రంగుతో గీయండి. ఊళ్ళో సర్వే చేసేవాళ్ళ చేత దగ్గర్లోని బెంచ్ మార్కు (సముద్ర మట్టం నుంచి ఎత్తు తెలిసిన సర్వే గుర్తు) నుంచి లెవెల్ తీయించి, స్తంభం మీద ఏ గీత +3కు సరిపోతుందో గుర్తు పెట్టించండి. ఇది తప్పనిసరి. లేకపోతే మీ అడుగు వేరు, ఆఫీసు అడుగు వేరు. రోజూ ఉదయం ఏడింటికి ఒకరు చూసి నోటుబుక్కులో రాయాలి, ఫోనులో ఫొటో తీయాలి. హైస్కూలు పిల్లలకు అప్పగిస్తే బాగా చేస్తారు, నేను చూశాను.

పెన్నులాంటి ఈసీ మీటరు ఒకటి కొనండి, పెద్ద ఖర్చేమీ కాదు. నీటి ఉప్పు కొలిచేది అదే. అది చూపే అంకె మైక్రోసీమెన్స్‌లో ఉంటుంది. 1,000 లోపు ఉంటే మంచినీరు అనుకోండి. 3,000 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. సముద్రం 50,000 దగ్గర ఉంటుంది. వారానికొకసారి స్తంభం దగ్గర, ఉప్పుటేరు మొదట్లో కొలిచి, ఆ రోజు అమావాస్యా పౌర్ణమా కూడా రాయండి. పెద్ద పోట్లు ఆ రోజుల్లోనే వస్తాయి కాబట్టి ఉప్పు ఎక్కడి నుంచి వస్తోందో ఆ పుస్తకమే చెప్తుంది. పోటుతో పాటు పెరిగితే సముద్రం నుంచి. పోటుతో సంబంధం లేకుండా పెరుగుతుంటే ఎండకు చిక్కబడుతోంది, లేదా డ్రెయిన్లోంచి వస్తోంది. ఈ రెండింటికీ వైద్యం వేరు.

ప్రాణవాయువు కొలవడానికి మీటరు ఖరీదెక్కువ. దానికి బదులు తెల్లవారుజామున నీటి మీద చూడండి. బొచ్చె, శీలావతి పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే లీటరుకు మూడు మిల్లీగ్రాముల కిందికి పడిపోయిందని అర్థం. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి గాలి పీల్చుకోగలవు కాబట్టి అవి బాగున్నాయని నీరు బాగుందనుకోకండి. చాలా ఊళ్ళలో ఈ పొరపాటు చేస్తారు.

ఇంకొకటి. ఊళ్ళో డెబ్భై దాటిన వాళ్ళను, ఆడవాళ్ళను కూడా కూర్చోబెట్టి పన్నెండు నెలల పట్టీ రాయించండి. ఏ నెలలో నీరు ఎక్కడిదాకా ఉండేది, ఏ చేప ఎప్పుడు దొరికేది, తాగే నీరు ఏ నెలలో ఎక్కడి నుంచి తెచ్చుకునేవాళ్ళు. ఏ రికార్డు గదిలోనూ దొరకని కాగితం అది. గేజి పుస్తకం, ఈ పట్టీ పక్కపక్కన పెట్టినప్పుడు నా నలభై రోజులు మీ ఊరికి ముప్పై కావచ్చు, యాభై కావచ్చు. మీ అంకే రాయండి.

అర్జీ ఒక్కటే రాసి, నకళ్ళు మూడు చోట్ల ఇవ్వండి. ఏలూరులో కలెక్టరుగారికి, అభయారణ్యం చూసే అటవీ శాఖ వాళ్ళకు, ఉప్పుటేరు, డ్రెయిన్లు చూసే జలవనరుల శాఖ డ్రెయినేజీ డివిజన్‌కు. ఎవరికి వాళ్ళు పక్క ఆఫీసును చూపిస్తారు కాబట్టి ముగ్గురినీ ఒకే మీటింగుకు పిలవమని కలెక్టరుగారిని అడగడం మంచిది. 2017 చిత్తడి నేలల నియమాలను, రామ్‌సర్ గుర్తింపును మొదటి పేరాలోనే చెప్పండి. పక్క లంక గ్రామాలను, ఎగువ రైతులను, వీలైతే ఆకివీడు వైపు వాళ్ళను కూడా సంతకాలకు పిలవండి. ఎగువ వాళ్ళది ముంపు బాధ, దిగువ వాళ్ళది ఉప్పు బాధ. ఏడు నుంచి ఐదుకు వేగంగా అన్న మాట ఎగువ వాళ్ళకు నచ్చుతుంది, వేసవిలో పారుదల అన్న మాట దిగువ వాళ్ళకు నచ్చుతుంది. ఒకే కాగితం మీద రెండూ ఉంటే ఎవరూ అడ్డుపడరు.

సమయం ఒక్కటి గుర్తుంచుకోండి. వేసవి నీరు అడగాల్సింది మే నెలలో కాదు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక ఇద్దామన్నా నీళ్ళుండవు. తాగునీటి చెరువులు నింపే లెక్కలు మార్చిలోనే తేలిపోతాయి, ఆ లెక్కల్లోనే కొల్లేరు పేరు ఎక్కాలి. అంటే మీ అర్జీ జనవరి చివరికల్లా ఆఫీసులో ఉండాలి. స్తంభం మాత్రం ఈ జూన్‌లో కాలువలకు నీళ్ళు వదలకముందే పాతించండి. తొలి ఎర్రనీరు ఏ రోజు వచ్చింది, ఆ రోజు గీత ఎక్కడుంది అన్నది మీ పుస్తకంలో మొదటి లైనుగా ఉండాలి. జనవరికి ఏడు నెలల రీడింగులు చేతికొస్తాయి. అవి ఇక్కడ పెట్టండి, మీ ఊరి మట్టాలతో పై లెక్క మళ్ళీ వేసిస్తాను.